పింఛను కచేరీలో బొమ్మ ఇటుకలు

ఈ ప్రత్యేక సంచికకు ఏదైనా ఒక చరిత్ర వ్యాసం వ్రాయవలసిందిగా కార్యదర్శిగారు కోరినప్పుడు నాకు మొదట తోచినవి కాకతీయులు, కుతుబ్‌షాహీలు. ఆ సంగతులు నాకంటె బాగా తెలిసినవారు మన సంఘంలోనే నలుగురైదుగురున్నారు. కనుక వారి జోలికి పోకుండా, నేను కళ్ళారా చూసిన ఒక కట్టడం గురించి వ్రాస్తున్నాను. అది అమెరికా రాజధాని వాషింగ్టన్ నగరంలో ఉంది. దాన్ని వెతుక్కుంటూ నేను పోలేదు. మనవడికి బొమ్మ ఇటుకలు చూపించడానికి వెళ్ళి, తీరా చూస్తే ఒకప్పటి పింఛను ఆఫీసులో నిలబడి ఉన్నాను. ముప్ఫైనాలుగేళ్ళు ఖజానా శాఖలో పనిచేసినవాడికి ఇంతకంటె ఏం కావాలి?

2011 వేసవిలో వర్జీనియాలో మా అమ్మాయి దగ్గర మూడు నెలలు ఉన్నాము. మనవడికి అప్పుడు తొమ్మిదేళ్ళు. వాడికి లెగో ఇటుకలంటే ప్రాణం. ఇల్లంతా అవే. రాత్రిపూట మంచినీళ్ళకు లేస్తే చీకట్లో అరికాలికి గుచ్చుకునేవి. వాడి పోరు పడలేక ఒక ఆదివారం అందరం బయలుదేరి నేషనల్ బిల్డింగ్ మ్యూజియం అనే చోటికి వెళ్ళాము. అక్కడ 2010 జూలై నుంచి 2012 దాకా ఒక ప్రదర్శన జరిగింది. ప్రపంచంలోని పేరుగాంచిన భవనాలు పదిహేనింటిని కేవలం లెగో ఇటుకలతో కట్టి నిలబెట్టారు. కట్టినది చికాగోకు చెందిన ఆడమ్ రీడ్ టకర్. ఆయన చదువుకున్న వాస్తుశిల్పి. 2001 సెప్టెంబరు దాడుల తరువాత జనానికి ఆకాశహర్మ్యాలంటే బెదురు పట్టుకోవడం చూసి, వాటిని మళ్ళీ మనుషులకు చేరువ చేయాలన్న ఆలోచనతో పిల్లల ఇటుకలు చేతబట్టాడట.

నేను పెద్ద నమ్మకంతో లోపలికి పోలేదని ఒప్పుకోవాలి. బొమ్మలకొలువులో పిల్లలు అగ్గిపెట్టెలతో గుడి కట్టినట్లు ఏదో ఉంటుందనుకున్నాను. ఎంపైర్ స్టేట్ భవనం నమూనా ముందు నిలబడ్డాక ఆ మాట వెనక్కు తీసుకున్నాను. 1931లో పూర్తయిన 102 అంతస్తుల భవనం అది. పైకి పోయేకొద్దీ మెట్లు మెట్లుగా సన్నబడుతుంది. ఆ సన్నబడడమంతా లెక్క తప్పకుండా ఇటుకల్లో దించాడు. సెయింట్ లూయిస్ నగరంలోని 630 అడుగుల తోరణం మరీ విచిత్రం. రెండు చివరలూ పట్టుకుని వదులుగా వేలాడదీసిన గొలుసును తలకిందులు చేస్తే వచ్చే వంపును ఆధారం చేసుకుని ఆ తోరణం కట్టారు. ఇటుక చూస్తే నలుచదరం. దానితో వంపు ఎలా తెస్తారు? దగ్గరగా పోయి చూస్తే సన్నని మెట్లే. నాలుగడుగులు వెనక్కు వేస్తే మెట్లు మాయమై నున్నని వంపు కనబడుతుంది.

దుబాయిలోని బుర్జ్ ఖలీఫా కూడా ఉంది. 828 మీటర్ల ఎత్తున్న అసలు భవనాన్ని 2010 జనవరిలోనే ప్రారంభించారు. మన కరీంనగరు, నిజామాబాదు జిల్లాల నుంచి కట్టుబడి పనులకు గల్ఫు దేశాలకు పోయినవారు ఎందరో. నమూనా పక్కన అసలు భవనం శిల్పి పేరు ఉంటుంది, ఇంజనీరు పేరు ఉంటుంది. అంత ఎత్తున ఎండలో నిలబడి కాంక్రీటు పోసినవాడి పేరు ఏ బల్లమీద వ్రాస్తారు? దాని ముందు కాసేపు ఎక్కువగానే నిలబడ్డాను.

ఈ ఇటుక కథ కూడా రెండు మాటల్లో చెప్పుకోవలసిందే. డెన్మార్కులో బిల్లుండ్ అనే చిన్న ఊళ్ళో ఓలె కిర్క్ క్రిస్టియన్‌సెన్ అని ఒక వడ్రంగి ఉండేవాడు. ప్రపంచమంతా ఆర్థికమాంద్యంలో ఉన్న 1932లో, ఇళ్ళ పనులు దొరకక, కొయ్యబొమ్మలు చేయడం మొదలుపెట్టాడు. 1934లో తన కంపెనీకి లెగో అని పేరు పెట్టాడు. వాళ్ళ భాషలో ‘బాగా ఆడుకో’ అనే రెండు మాటల్ని కుదించి చేసిన పేరది. ప్లాస్టిక్ ఇటుకలు 1949లో వచ్చాయి. ఆ ఊహ అంతకు ముందే ఇంగ్లాండులో హిలరీ పేజ్ అనే బొమ్మల తయారీదారుకు వచ్చింది. అయితే ఆ తొలి ఇటుకలకు పట్టు చాలేది కాదు. ఎత్తుగా పేర్చితే ఊడిపోయేవి. పైన బుడిపెలు, లోపల గొట్టాలు పెట్టి, ఒకదాన్నొకటి బిగించి పట్టుకునే పద్ధతికి 1958 జనవరి 28న పేటెంటుకు దరఖాస్తు చేశారు. ఆనాటి ఇటుక ఈనాటి ఇటుకకు సరిగ్గా అతుకుతుంది. ఎనిమిది బుడిపెల ఇటుకలు, ఒకే రంగువి, ఆరు చేతికిస్తే వాటిని 91 కోట్ల 51 లక్షల 3 వేల 765 విధాలుగా కలపవచ్చునని గణితజ్ఞులు లెక్కగట్టారు. మా మనవడు ఆ అంకె నాకు అప్పజెప్పి, “ఇప్పుడు మళ్ళీ మీరు చెప్పండి తాతయ్యా” అని పరీక్ష పెట్టాడు. నేను తప్పాను.

నిజానికి బొమ్మ ఇటుకలు లెగోతో పుట్టలేదు. పందొమ్మిదవ శతాబ్దం చివర జర్మనీలో ఓటో, గుస్తావ్ లిలియెంతాల్ అనే అన్నదమ్ములు ఇసుక, సుద్ద, అవిసెనూనె కలిపి పిల్లల కోసం రాతి దిమ్మెలు తయారుచేశారు. వ్యాపారం చేయడం చేతకాక ఆ హక్కును రిక్టర్ అనే వర్తకుడికి అమ్ముకున్నారు. 1880లలో ఆయన వాటితో దేశదేశాల్లో పేరు సంపాదించాడు. ఆ ఓటోయే తరువాత రెక్కలు కట్టుకుని కొండమీంచి గాలిలో తేలి, విమానయానానికి దారి చూపి, 1896లో కిందపడి చనిపోయినవాడు. అంతకు ముందు ఫ్రోబెల్ అనే ఉపాధ్యాయుడి కొయ్యదిమ్మెలుండేవి. వాటితో చిన్నతనంలో ఆడుకున్న ఫ్రాంక్ లాయిడ్ రైట్, పెద్దయ్యాక జలపాతం మీద ఇల్లు కట్టి ప్రఖ్యాతుడయ్యాడు. ‘ఫాలింగ్‌వాటర్’ అనే ఆ ఇంటి నమూనా కూడా ఈ ప్రదర్శనలో ఉంది.

నమూనాలు చూడడం అయ్యాక, పిల్లలు స్వయంగా కట్టుకోవడానికి ఇటుకలు పోసి ఉంచిన చోట మనవడు చతికిలబడ్డాడు. ఇక గంట వరకు లేవడని తెలిసి, నేను బయటి హాలులోకి వచ్చి ఫౌంటెన్ పక్కన కూర్చున్నాను. అప్పటిదాకా తల ఎత్తి చూడలేదు. చూశాక నోట మాట రాలేదు. హాలు 316 అడుగుల పొడవు, 116 అడుగుల వెడల్పు. మధ్యలో ఎనిమిది మహాస్తంభాలు, ఒక్కొక్కటి 75 అడుగుల ఎత్తు. చుట్టూ అంతస్తులు అంతస్తులుగా కమానుల వరండాలు. స్తంభాలు పాలరాతివేమో అనుకున్నాను. కాదు. ఒక్కొక్క స్తంభంలో 70,000 ఇటుకలు పేర్చి, పైన గచ్చు చేసి, పాలరాయిలా రంగు వేశారట. మొత్తం భవనానికి పట్టినవి ఒక కోటీ 55 లక్షల ఇటుకలు. గోడమీది పలక చదువుతున్న మా అమ్మాయి నవ్వుతూ, “నాన్నా, ఇది మీ ఆఫీసే. పింఛను ఆఫీసట!” అంది.

అవును. ఆ భవనం అసలు పేరు పెన్షన్ బిల్డింగ్. 1861 నుంచి 1865 వరకు అమెరికాలో ఉత్తరాది దక్షిణాదుల మధ్య అంతర్యుద్ధం జరిగింది. ఉత్తరాది సైన్యంలో కాలో చెయ్యో పోగొట్టుకున్నవారికి, చనిపోయినవారి భార్యలకు, అనాథలైన పిల్లలకు, ఆధారం లేని తల్లులకు పింఛను ఇవ్వడానికి 1862లో చట్టం చేశారు. దరఖాస్తులు పెరిగి కాగితాలు పెట్టడానికి చోటు చాలకపోవడంతో ప్రత్యేకంగా భవనం కట్టాలని నిర్ణయించారు. ఆ పని మాంట్‌గొమరీ మెగ్స్‌కు అప్పగించారు. యుద్ధకాలంలో ఉత్తరాది సైన్యానికి గుర్రాలు, బండ్లు, బట్టలు, గుడారాలు సమకూర్చిన శాఖకు అధిపతి ఆయన. కొడుకు 1864లో అదే యుద్ధంలో చనిపోయాడు. ఇంకో ముఖ్య సంగతి, మన సభ్యులు గమనించవలసినది: 1882 ఫిబ్రవరిలో మెగ్స్ సైన్యం నుంచి పదవీ విరమణ చేశాడు. ఈ భవనం పని మొదలుపెట్టింది ఆ సంవత్సరమే. 1887లో పూర్తిచేసేనాటికి ఆయనకు 71 ఏళ్ళు. అంటే పింఛనుదారుల కోసం ఒక పింఛనుదారు కట్టిన భవనమన్నమాట.

రాయి వద్దని ఇటుక ఎంచుకోవడానికి కారణాలు రెండు. ఒకటి చవక. రెండవది అగ్నిభయం. లక్షలాది విధవల, వికలాంగుల సాక్ష్యాలు కాగితాలమీద ఉన్నాయి. అవి కాలితే మళ్ళీ ఎవరు పుట్టిస్తారు? చాలామందికి ఆ ఇటుకల కొట్టం రుచించలేదు. జనరల్ షెరిడాన్‌కు చూపిస్తే, దీనికి నిప్పంటుకోదు పాపం, అదొక్కటే దీని లోపం అన్నాడని చెప్పుకుంటారు. ఆ చమత్కారం షెర్మన్ అనే మరో జనరల్‌దని కొందరంటారు. ఎవరన్నా మెగ్స్ చెవిన పెట్టుకోలేదు.

ఆయన శ్రద్ధ అంతా లోపల పనిచేసే గుమాస్తాల మీద, వచ్చిపోయే మాజీ సైనికుల మీద. ప్రతి కిటికీ కింద మూడేసి ఇటుకలు పెట్టకుండా ఖాళీ వదిలాడు. ఆ సందులోంచి వచ్చే గాలి, చలికాలంలో అక్కడే అమర్చిన ఆవిరి గొట్టాలకు తగిలి వేడెక్కి గదిలోకి వస్తుంది. వాడిన గాలి హాలులోకి పోయి, అక్కడి నుంచి పైకి లేచి కప్పు దగ్గరి కిటికీల్లోంచి బయటపడుతుంది. దీనివల్ల గుమాస్తాలు జబ్బుపడి పెట్టే సెలవులు తగ్గాయని ఆయన గొప్పగా చెప్పుకున్నాడు. మన కచేరీల్లో కిటికీకి అడ్డంగా బీరువా పెట్టి, ఫైళ్ళ దుమ్ములో ముప్ఫై ఏళ్ళు దగ్గినవాళ్ళం మనం. ఆ మూడు ఇటుకల సందును నేను బయటికి వెళ్ళి మరీ చూసి వచ్చాను. మెట్లు కూడా గమనించాను. ఎత్తు తక్కువ, వెడల్పు ఎక్కువ. కర్రకాళ్ళతో వచ్చేవారికోసం, ముసలివారికోసం అలా కట్టారు. నా మోకాళ్ళు ఆ రోజు మెగ్స్‌ను తలచుకున్నాయి. కాగితాలు ఒక గది నుంచి ఇంకో గదికి పంపడానికి వరండా గోడ వెంబడి పట్టాలు వేసి బుట్టలు నడిపించేవారట. ఫైలు కదలదనే మాట ఆ ఆఫీసులో ఎలా అనేవారో!

భవనం బయట చుట్టూ మూడడుగుల ఎత్తున 1,200 అడుగుల పొడవున కాల్చిన మట్టితో చేసిన శిల్పపట్టీ ఉంది. కాస్పర్ బ్యూబెర్ల్ అనే శిల్పి పని. పదాతిదళం, అశ్వదళం, ఫిరంగులు, నావికులు, సరంజామా బండ్లు, గాయపడినవారిని మోసుకుపోయే వైద్యదళం వరసగా నడుస్తూ ఉంటాయి. అంత పొడవు పట్టీకి వేరువేరుగా బొమ్మలు చెక్కించే డబ్బు లేదు. అందుకని 28 పలకలు మాత్రమే, అన్నీ కలిపి 69 అడుగులు, తయారుచేయించి, వాటినే మార్చి మార్చి, ముందువెనకలుగా కలిపి భవనమంతా చుట్టారు. లోపల మా మనవడు చేస్తున్న పని కూడా అదే కదా అనిపించింది. పడమటి ద్వారం మీద బండి తోలే మనిషి మాత్రం యుద్ధంవల్ల విముక్తి పొందిన నల్లజాతి బానిసే అయి తీరాలని మెగ్స్ పట్టుబట్టి చేయించాడు.

ఆ బండివాని జాతివారి పింఛను కథ వేరు. నల్లజాతి సైనికులకూ చట్టప్రకారం పింఛను హక్కు ఉంది. కాని రుజువులు ఎక్కడివి? బానిసలకు పుట్టినతేదీ వ్రాసిపెట్టినవారు లేరు. వాళ్ళ పెళ్ళిళ్ళను చట్టం పెళ్ళిళ్ళుగా ఒప్పుకోలేదు. యజమాని పేరే ఇంటిపేరు. యజమాని మారితే అదీ మారేది. సైన్యంలో ఒక పేరు, ఊళ్ళో ఒక పేరు. భర్త పోయిన స్త్రీ తాను ఫలానావాని భార్యనని నిరూపించుకోవాలి. పింఛను ఆఫీసు పరిశీలకులు ఊరూరా తిరిగి ఇరుగుపొరుగువారిని, ఒకప్పటి తోటి బానిసలను, ఒకే దళంలో పనిచేసినవారిని కూర్చోబెట్టి వాంగ్మూలాలు వ్రాసుకునేవారు. పెళ్ళినాడు ఎవరున్నారు, ఏ పంట కోతకాలం, మొదటి బిడ్డ ఎప్పుడు పుట్టింది, ఇలాంటివన్నీ. అలా ఇచ్చినా, తెల్లవారి దరఖాస్తులకంటె వారివి ఎక్కువగా తిరస్కరణకు గురయ్యాయి. అయితే ఆ వాంగ్మూలాలు మిగిలాయి. బానిసల కుటుంబాలు ఎలా బ్రతికాయో వ్రాసే చరిత్రకారులకు ఈనాడు ఆ పింఛను ఫైళ్ళే పెద్ద ఆధారం.

ఇక్కడ నా సంగతి ఒకటి చెప్పక తప్పదు. నేను ఒక చిన్న ఊళ్ళో పనిచేస్తున్నప్పుడు ఒక ముసలావిడ కుటుంబ పింఛనుకోసం వచ్చింది. భర్త నాలుగో తరగతి ఉద్యోగి. సర్వీసు రిజిస్టరులో భార్య పేరు ఒక రకంగా, ఆమె తెచ్చిన కాగితంలో ఇంకో రకంగా ఉంది. పిలిచే పేరుకూ వ్రాసే పేరుకూ ఉన్న తేడాయే. ఆమె ఎవరో నాకు అనుమానం లేదు. అయినా రూలు ప్రకారం సర్టిఫికెట్టు తెమ్మని పంపాను. తెచ్చింది. అందులో ఇంటిపేరు తప్పుగా పడింది. మళ్ళీ పంపాను. మూడోసారి ఆమె రాలేదు, ఆమె కొడుకు వచ్చాడు. అతను నన్ను ఏమీ అనలేదు. పరిశీలకుణ్ణి పల్లెకు పంపి పదిమందిని అడిగించిన ఆఫీసు గురించి ఆ పలకమీద చదువుతుంటే, నేను బస్సెక్కి పద్నాలుగు మైళ్ళు పోలేకపోయానే అన్నది గుర్తుకు వచ్చింది. అడ్డుపడిన రూలేమీ లేదు.

ఆ ఆఫీసు వాళ్ళు దేవతలని నేననడం లేదు. 1890లో చట్టాన్ని సడలించి, తొంభై రోజులు సైన్యంలో ఉండి, ఏ కారణంవల్లనైనా సరే కాయకష్టం చేయలేకపోతే చాలు పింఛను అన్నారు. 1893 నాటికి పింఛనుదారులు పది లక్షలకు దగ్గరయ్యారు. అమెరికా ప్రభుత్వ రాబడిలో నూటికి నలభై వంతులు దీనికే పోయింది. దొంగ దరఖాస్తులు వచ్చాయి, దళారులు లాభపడ్డారు, రాజకీయ పార్టీలు ఓట్లు దండుకున్నాయి. పత్రికలు దుమ్మెత్తిపోశాయి. 1889లో పింఛను కమిషనరుగా వచ్చిన జేమ్స్ టానర్ యుద్ధంలో రెండు కాళ్ళూ పోగొట్టుకున్నవాడు. తరువాత షార్ట్‌హ్యాండు నేర్చుకుని, లింకన్ మరణించిన రాత్రి సాక్షుల వాంగ్మూలాలు వ్రాసుకున్నది ఆయనే. తోటి సైనికులకు మరీ ధారాళంగా పింఛన్లు పెంచాడని గగ్గోలు పుట్టి, కొద్ది నెలలకే ఆయన రాజీనామా చేయవలసి వచ్చింది. పింఛను దయాధర్మమా, హక్కా అనే తగవు అక్కడా ఉండేదన్నమాట. మన సుప్రీంకోర్టు నకారా కేసులో 1982 డిసెంబరు 17న ఇచ్చిన తీర్పు మన సభ్యులకు వేరే చెప్పనక్కరలేదు. ఆ తేదీనే మనం పింఛనుదారుల దినంగా జరుపుకుంటున్నాం.

భవనం తరువాతి కథ త్వరగా చెబుతాను. అంత పెద్ద హాలు వేరొకటి లేకపోవడంతో కొత్త అధ్యక్షుల ప్రమాణస్వీకార విందులు, నృత్యాలు అక్కడ జరిగేవి. 1885లో క్లీవ్‌లాండ్ విందు నాటికి ఇంకా కప్పు పూర్తి కాకపోతే తాత్కాలికంగా కప్పించి జరిపారు. 1926లో పింఛను శాఖ ఖాళీచేసింది. ఆ వెంటనే దిగినది ఏ శాఖ అనుకున్నారు? ఆడిటు శాఖ! తరువాత అవీ ఇవీ చిన్న ఆఫీసులు చేరి, గదులకు అడ్డుగోడలు కట్టి, భవనం శిథిలమై, 1960లలో కూల్చివేసే దాకా వచ్చింది. క్లోథీల్ వుడార్డ్ స్మిత్ అనే మహిళా వాస్తుశిల్పి 1967లో నివేదిక ఇస్తూ, దీన్ని కట్టడాల కళకే మ్యూజియంగా మార్చండి అని సూచించింది. ఆ మాట ఫలించడానికి పదమూడేళ్ళు పట్టింది. 1980లో వారి పార్లమెంటు చట్టం చేసింది. 1985లో మ్యూజియం తెరిచారు.

ఇటుక ఇటుక లెక్కపెట్టి అంత పొడుగు బొమ్మ భవనాలు కట్టిన టకర్ పనితనాన్ని నేను తక్కువ చేయడం లేదు. అయినా ఆ రోజు నేను చూసినవాటిలో అసలు వింత, ఆ బొమ్మలను తనలో పెట్టుకున్న ఇల్లే. మనవడి దగ్గరకు తిరిగి వెళ్ళేసరికి వాడొక ఎర్ర ఇటుకల పెట్టె కట్టి ఉంచాడు. ఇదేమిట్రా అంటే, అమ్మ చెప్పింది, మీ ఆఫీసు అన్నాడు. కిటికీలు పెట్టాడు, మెట్లు పెట్టలేదు. మెట్లు లేకపోతే నేను ఎక్కేదెలా అంటే, రెండు ఇటుకలు తీసి ముందు పెట్టాడు.

తరువాత తొమ్మిదేళ్ళకు, 2020 జూన్‌లో, మా అమ్మాయి ఫోనులో ఒక వార్త చదివి వినిపించింది. అంతర్యుద్ధంనాటి పింఛను తీసుకుంటున్న చివరి మనిషి ఉత్తర కెరొలైనా రాష్ట్రంలో మే 31న చనిపోయింది. ఆమెకు 90 ఏళ్ళు. తండ్రి మొదట దక్షిణాది సైన్యంలో చేరి, అక్కడి నుంచి పారిపోయి ఉత్తరాది సైన్యంలో పనిచేసినవాడు. ముదిమిలో రెండో పెళ్ళి చేసుకుంటే, ఆయనకు 83 ఏళ్ళు వచ్చాక ఈమె పుట్టింది. తనంత తాను బ్రతకలేని బిడ్డ కనుక, యుద్ధం ముగిసిన 155 ఏళ్ళకు కూడా, సైనికుడి సంతానంగా పింఛను వస్తూనే ఉంది. ఎంత అని అడిగాను. ఖజానావాడి బుద్ధి ఎక్కడికి పోతుంది? నెలకు 73 డాలర్ల 13 సెంట్లట. ఆ 13 సెంట్లనూ ఎవరూ కొట్టివేయలేదు.